చెంబుడు నీళ్ల సాక్ష్యం

మొన్న సంక్రాంతి సెలవులకి వచ్చిన మా మనవరాలిని చెరువు గట్టుకి తీసుకెళ్లాను. ఆ పూట వల లాగుతున్నారు. ఒడ్డుకొచ్చిన చేపల్ని అది వేళ్ల మీద లెక్కపెట్టుకుంటూ కూర్చుంది. బొచ్చెలు, శీలావతులు, నాలుగు జెల్లలు, ఒక్క వాలుగ. వల మడిచి వాళ్లు వెళ్లిపోయాక అడిగింది: "తాతయ్యా, వలకి దొరకనివి ఏమేం ఉన్నాయో ఎలా తెలుస్తుంది? బురదలో దూరే మట్టగిడసలు, వల కన్నుల్లోంచి జారిపోయే పిల్ల చేపలు... నీళ్లన్నీ తోడేస్తే తప్ప తెలీదా?"

"తోడక్కర్లేదమ్మా. చెంబుడు నీళ్లు చాలు" అన్నాను.

అది నా మొహంలోకి అనుమానంగా చూసింది. ఇంటికొచ్చాక రెండు రోజుల పాటు దానికి చెప్పిన కబురే ఇప్పుడు మీకూ చెబుతున్నాను.

బతికున్న చేపను ఎప్పుడైనా చేత్తో పట్టుకున్నారా? జారిపోతుంది. అరచేతికి జిగురు అంటుకుంటుంది, సబ్బు పెట్టి కడిగినా ఓ పట్టాన వదలదు. ఆ జిగురులో చేప ఒంటి కణాలుంటాయి. చేప పొలుసు రాలుస్తుంది, కప్ప చర్మం విడుస్తుంది. అన్నీ విసర్జిస్తాయి, గుడ్లు పెడతాయి, చివరికి చచ్చిపోతాయి. ఇదంతా నీళ్లలోనే. రాలిన కణాల్లో ఆ జీవి ఏదో చెప్పగల రాత లాంటి డీఎన్‌ఏ ఉంటుంది. పాము కనబడకపోయినా చేను గట్టున కుబుసం కనబడితే ఇక్కడ పాము తిరుగుతోందని మనవాళ్లు చెప్పేస్తారు కదా. నీళ్లలో బతికే ప్రాణులన్నీ రాత్రీ పగలూ అలాంటి కుబుసాలు విడుస్తూనే ఉంటాయి, కాకపోతే అవి కంటికి ఆనవు. ఇలా నీళ్లలో, మట్టిలో, గాలిలో చెదిరి ఉన్న డీఎన్‌ఏకి పర్యావరణ డీఎన్‌ఏ అని పేరు. పొట్టిగా ఈ-డీఎన్‌ఏ.

సరే, దాన్ని నీళ్లలోంచి బయటికి లాగడం ఎలా? మాటలతో చెబితే మా మనవరాలికి ఎక్కలేదు. అందుకని వంటింట్లో చేసి చూపించాను.

మగ్గిన అరటిపండు సగం తీసుకుని గిన్నెలో మెత్తగా నలిపింది. అరగ్లాసు నీళ్లలో చెంచాడు ఉప్పు, రెండు చెంచాలు గిన్నెలు తోమే లిక్విడ్ సబ్బు వేసి, నురగ రాకుండా నెమ్మదిగా కలిపి ఆ గుజ్జులో పోసింది. పది నిమిషాలు ఆగి పల్చటి గుడ్డలో వడకట్టింది. గాజు గ్లాసు అడుగున రెండు వేళ్ల ఎత్తున మడ్డి రసం నిలిచింది. పొద్దుటి నుంచీ ఫ్రీజర్లో పెట్టి ఉంచిన సర్జికల్ స్పిరిట్‌ని గ్లాసు అంచు వెంట జారేలా నేనే పోశాను. (పొయ్యి ఆర్పేశాకే పోశాను. స్పిరిట్ ఇట్టే అంటుకుంటుంది. మీరు చేసి చూడాలనుకుంటే పెద్దవాళ్లు పక్కనుండాలి.) స్పిరిట్ తేలిక కదా, రసం మీద వేరే పొరగా నిలబడింది. రెండూ ఆనుకునే చోట ముందు మసకగా కనబడింది. తర్వాత చిన్న చిన్న బుడగలు. కాసేపటికి ఆ మసకలోంచి దూదిపింజల్లాంటి తెల్లటి పోగులు పైకి లేచాయి. పుల్లతో తిప్పితే పుల్లకి చుట్టుకున్నాయి.

"ఇదేనా డీఎన్‌ఏ?" అంది, గ్లాసు మీంచి కళ్లు తిప్పకుండా.

ఇదే. పండులోని పెక్టినూ, కాసిన్ని మాంసకృత్తులూ కూడా దాన్ని పట్టుకుని వచ్చి ఉంటాయి కానీ, అరటిపండు డీఎన్‌ఏ ఆ పోగుల్లో ఉంది. కణం చుట్టూ ఉండే పొర కొవ్వుతో చేసింది. మూకుడు జిడ్డు వదిలించే సబ్బు ఆ పొరనీ వదిలించేస్తుంది, లోపలి సరుకు బయటపడుతుంది. డీఎన్‌ఏ పోగులు మామూలుగా ఒకదాన్నొకటి నెట్టుకుంటాయి, ఉప్పు వాటిని దగ్గరికి చేరనిస్తుంది. డీఎన్‌ఏ నీళ్లలో కరుగుతుంది, స్పిరిట్‌లో కరగదు. అందుకే పోగులై కంటికి కనబడింది. ప్రయోగశాలలో జరిగేదాని మూలసూత్రం ఇంతే. అక్కడ సరుకులు శుద్ధమైనవి, కొలతలు కచ్చితమైనవి.

అయితే అరటిపండు అంటే కణాల ముద్ద. చెరువు నీళ్లు అలా కాదు. చేప రాల్చిన కణాలు ఎక్కడో ఒకటీ అరా తేలుతుంటాయి. అందుకని ముందు వాటిని ఒక చోటికి చేర్చాలి, అంటే వడకట్టాలి. ఈ పనికి వాడే వడపోత కాగితాల్లో 0.45 మైక్రాన్ల రంధ్రాలున్నవి బాగా వాడుకలో ఉన్నాయి. మన తలవెంట్రుక మందంలో దాదాపు నూట యాభయ్యో వంతు అన్నమాట. తేటనీళ్లయితే లీటరో రెండు లీటర్లో పంపుతో అందులోంచి లాగిస్తారు. ఎర్రనీళ్లు దిగిన గోదారి లాంటి చోట్ల అయితే కాసిని నీళ్లకే కాగితం పూడుకుపోతుంది. అప్పుడు కాగితాలు మార్చుకుంటూ ఓపిగ్గా కూర్చోవాలి. చివరికి కాగితం మీద గోధుమరంగు మరక ఒకటి మిగులుతుంది. నాచు, బురద, సూక్ష్మజీవులు, వాటి మధ్యనే మన చేప ఆనవాలు.

ఆ కాగితాన్ని సబ్బు లాంటి ద్రావకంలో వేసి, ప్రోటినేజ్-కె అనే ఎంజైము కలిపి 56 డిగ్రీల వెచ్చదనంలో ఉంచుతారు. ఎంజైము మాంసకృత్తుల్ని తినేస్తుంది. తర్వాత ఆ ద్రవాన్ని సిలికా పొర ఉన్న చిన్న గొట్టంలోంచి పంపుతారు. సిలికా అంటే ఇసుకలో ఉండేదే. ఒక రకం గాఢమైన లవణాలు కలిస్తే డీఎన్‌ఏ సిలికాని అంటిపెట్టుకుంటుంది, చెత్త కిందికి పోతుంది. ఆల్కహాలు కలిపిన నీళ్లతో రెండు సార్లు కడిగి, ఆఖరున లవణం లేని శుభ్రమైన నీటి బొట్టు వేస్తే డీఎన్‌ఏ పట్టు వదిలి అందులోకి దిగుతుంది. లీటరు నీళ్లతో మొదలుపెట్టిన పని రెండు మూడు చుక్కలకి తేలుతుంది.

ఒక్కోసారి ఆ చుక్కలు లేత టీ రంగులో వస్తాయి. ఆకులు కుళ్లిన నీళ్లలో హ్యూమిక్ ఆమ్లాలుంటాయి. అవి డీఎన్‌ఏ వెంటే వచ్చి తర్వాతి పరీక్షను అడ్డుకుంటాయి. చేప ఉన్నా లేదనే జవాబు వస్తుంది. అలాంటప్పుడు మళ్లీ శుద్ధి చేయాలి.

ఇంకో సంగతి. నీళ్లలో పడ్డ డీఎన్‌ఏ ఎల్లకాలం ఉండదు. ఎండ, వేడి, సూక్ష్మజీవులు కలిసి దాన్ని కొన్ని రోజుల్లో, మహా అయితే కొన్ని వారాల్లో ముక్కలు ముక్కలు చేసేస్తాయి. అందుకని సీసాలో పట్టిన నీళ్లని ఐసులో పెట్టి త్వరగా వడకట్టాలి, లేదంటే అక్కడికక్కడే ఆల్కహాలు కలిపేయాలి. ఇది ఇబ్బందే అయినా నాకు ఇందులో ఒక మేలు కనబడుతుంది. నీళ్లలో ఆనవాలు దొరికిందంటే ఆ జీవి ఎప్పుడో తాతల నాడు కాదు, ఈ మధ్యనే అక్కడ తిరిగిందని చాలా మట్టుకు అర్థం.

ఇప్పుడు ఆ రెండు చుక్కల్లో మనకి కావలసిన చేప తాలూకు ముక్కలు పదో పాతికో ఉన్నాయనుకుందాం. అంత కొంచెం ఉంటే పరికరానికి కూడా కనబడదు. పెంచాలి. రాత్రి పూట బామ్మ పాలు తోడు పెట్టడం చూస్తారు కదా. గోరువెచ్చటి పాలలో చుక్క పెరుగు వేస్తే తెల్లారేసరికి గిన్నెడు పెరుగు. ఆ చుక్కలోని సూక్ష్మజీవులు ఒకటి రెండై, రెండు నాలుగై రాత్రంతా పెరిగాయన్నమాట. డీఎన్‌ఏకి తోడు పెట్టే ఇలాంటి పద్ధతిని 1983లో అమెరికాలో క్యారీ మల్లిస్ ఊహించాడు. దాని పేరు పీసీఆర్. 1993లో ఆయనకి నోబెల్ బహుమతి వచ్చింది. కోవిడ్ రోజుల్లో ముక్కులో పుల్ల తిప్పి చేసిన ఆర్‌టీ-పీసీఆర్ పరీక్షలో ఉన్నదీ ఇదే.

డీఎన్‌ఏ రెండు పేటల తాడు. 95 డిగ్రీల వేడికి పేటలు విడిపోతాయి. 55, 60 డిగ్రీలకి చల్లారిస్తే ప్రైమర్లు అనే చిన్న ముక్కలు వచ్చి తమకి సరిపడే చోట అతుక్కుంటాయి. వాటిని మనం వెతికే చేపకే సరిపోయేలా ముందే తయారు చేసి పెట్టుకుంటారు. 72 డిగ్రీల దగ్గర ఒక ఎంజైము ఒక్కో పేటకీ జత పేట అల్లేస్తుంది. ఒకటి రెండయింది. మళ్లీ వేడి, మళ్లీ చల్లదనం. ముప్పై విడతలు తిరిగేసరికి ఒక్క ముక్క 107 కోట్లు దాటుతుంది. నమ్మకం కుదరకపోతే కాగితం మీద ఒకటిని ముప్పై సార్లు రెట్టింపు చేసి చూడండి. మా మనవరాలు చేసింది, పేజీన్నర పట్టింది. అన్నట్టు, 95 డిగ్రీల్లో మామూలు ఎంజైములు ఉడికించిన గుడ్డులా పనికిరాకుండా పోతాయి. అందుకని అమెరికాలో ఎల్లోస్టోన్ అనే చోట వేడినీటి బుగ్గల్లో బతికే ఒక బాక్టీరియా ఎంజైముని వాడుకుంటున్నారు. థామస్ బ్రాక్ అనే శాస్త్రవేత్త 1960లలో ఆ బాక్టీరియాని వెతికి పట్టుకున్నది అంత వేడి నీళ్లలో ప్రాణం ఎలా నిలబడుతుందో తెలుసుకోవాలనే.

తోడు విషయంలో ఒక తిప్పలుంది. పెరుగు గరిటె పొరపాటున పాలగిన్నెలో పెడితే, మనం అడగకపోయినా పాలు తోడుకుంటాయి. పీసీఆర్ కూడా అంతే. ఎక్కణ్ణుంచో వచ్చి పడ్డ ఒక్క ముక్క కూడా కోట్లవుతుంది. నిన్న వేరే చెరువులో దిగిన బూట్లకి అంటిన బురద, కడగని సీసా, చేపల పులుసు తిన్న చేయి, ఏదైనా సరే అబద్ధపు సాక్ష్యం చెప్పగలదు.

మా ఇంట్లో ఆవకాయ జాడీ మూత తీయాలంటే ఒక పద్ధతుంది. చేయి తుడుచుకోవాలి, గరిటె పొడిగా ఉండాలి, అన్నంలో పెట్టిన గరిటె తిరిగి జాడీలోకి వెళ్లకూడదు. ఈ నీళ్ల పరీక్ష చేసేవాళ్లకీ అంత నిష్ఠ కావాలి. చెరువు మారితే గ్లవ్స్ మార్చాలి. సామాను బ్లీచింగ్ నీళ్లతో కడగాలి. నీళ్లు వడకట్టే గది వేరు, పీసీఆర్ చేసే గది వేరు. వీటన్నిటికంటే నాకు నచ్చింది ఖాళీ సాక్షి. శుభ్రమైన నీళ్ల సీసా ఒకటి ఇంటి దగ్గర నుంచే చెరువు దాకా మోసుకెళతారు. అక్కడ మూత తీస్తారు, పెడతారు, మిగతా సీసాలతో పాటే వడకడతారు, పరీక్షిస్తారు. అందులో చేప ఆనవాలు కనబడిందా, ఆ రోజు తెచ్చిన ఫలితాలు నమ్మడానికి లేదు. తమ చేతుల మీద తామే నిఘా పెట్టుకునే పద్ధతి ఇది. పని చేసే ప్రతివాళ్లకీ ఇంత నిజాయితీ ఉంటే ఎంత బాగుండును అనిపిస్తుంది నాకు.

నీళ్లని ఇలా అడిగి జవాబు రాబట్టవచ్చని 2008లో ఫ్రాన్సులో గట్టిగా రుజువైంది. అమెరికా నుంచి వచ్చిన బుల్‌ఫ్రాగ్ అనే పెద్ద కప్ప అక్కడి మడుగుల్లోకి చేరింది. నోట్లో పట్టినదల్లా మింగే రకం. అది పూర్తిగా స్థిరపడిపోక ముందే ఏ మడుగులో ఉందో తెలియాలి. ఫిసెతోలా, మియో, పొంపనాన్, తబెర్లే అనే నలుగురు శాస్త్రవేత్తలు పదిహేనేసి మిల్లీలీటర్ల నీళ్లు తీసి చూశారు. మూడు చెంచాల నీళ్లు! కప్పలున్న చోట్ల, అవి కొద్దిగా ఉన్న చోట్ల కూడా, ఆనవాలు దొరికింది. లేని చోట దొరకలేదు.

ఇంగ్లండులో న్యూట్ అని ఒక జీవి ఉంది. చూడ్డానికి బల్లి, పుట్టుకకి కప్పల చుట్టం. వాటిలో తలా వీపూ మీద జూలు ఉండే రకానికి చట్టం రక్షణ ఉంది. ఇల్లు కట్టాలన్నా రోడ్డు వేయాలన్నా దగ్గర్లోని మడుగుల్లో అది ఉందో లేదో తేల్చుకోవాలి. ఇదివరకు రాత్రిళ్లు టార్చిలైట్లు పట్టుకుని, నీళ్లలో బోనులు పెట్టి, మళ్లీ మళ్లీ వెళ్లి వెతికేవారు. 2014 నుంచి నీళ్ల పరీక్షకి అక్కడి ప్రభుత్వ సంస్థ ఒప్పుకుంది. మడుగు చుట్టూ ఇరవై చోట్ల చిన్న గరిటెతో 30 మిల్లీలీటర్ల చొప్పున నీళ్లు తీయాలి. అన్నీ ఒక సంచిలో కలపాలి. అందులోంచి పదిహేనేసి మిల్లీలీటర్లు ఆరు గొట్టాల్లో ఉన్న ఆల్కహాలులోకి పోయాలి. తీసేవాళ్లు నీళ్లలో కాలు పెట్టకూడదు. అడుగు బురదలో పాత డీఎన్‌ఏ ఎక్కువ కాలం దాగి ఉంటుంది, కాలు పెడితే అది లేచి వస్తుంది. మామూలు ఊరివాళ్లకి ఈ పద్ధతి నేర్పించి చూశారు. న్యూట్‌లు నిజంగా ఉన్న మడుగుల్లో నూటికి 91 చోట్ల వాళ్ల నీళ్లు సరైన జవాబే చెప్పాయి. అంటే ఇది బడిపిల్లలు కూడా నేర్చుకోగలిగిన పని.

జపాన్‌లో మసాకి మియా బృందం 2015లో చేపలన్నిటికీ కలిపి పనికొచ్చే ప్రైమర్లు తయారు చేసింది. ఒకినావాలోని పెద్ద అక్వేరియం నీళ్లలో 180 రకాలకి 168 రకాలు పట్టింది. ఒక్కో ముక్కలోని అక్షరాలు చదివి, ముందే తెలిసిన చేపల జాబితాతో పోల్చి పేరు చెబుతారు. జాబితాకి ఎక్కని చేపకి పేరు చెప్పలేరు మరి.

"అయితే నీళ్లు అన్నీ చెప్పేస్తాయా?" అని అడిగింది మనవరాలు. చెప్పవు. స్కాట్లాండులో లాక్ నెస్ అనే లోతైన సరస్సులో పెద్ద వింతజంతువు ఉందని ఎంతోకాలంగా చెప్పుకుంటున్నారు. 2018లో న్యూజీలాండ్ శాస్త్రవేత్త నీల్ గెమెల్ బృందం అక్కడ 250 నీళ్ల నమూనాలు తీసింది. పాములూ మొసళ్ల లాంటి పాకే జాతి (సరీసృపాల) డీఎన్‌ఏ ఒక్క చోటా లేదు. మలుగుపాముల లాంటి ఈల్ చేపలది మాత్రం చూసిన దాదాపు ప్రతి చోటా ఉంది. పోనీ జనం చూశామన్నవి పెద్ద పెద్ద ఈల్ చేపలేమో అంటే, డీఎన్‌ఏ సైజు చెప్పదు. వయసు చెప్పదు. బతికుందో చచ్చిందో చెప్పదు. నీళ్లు పారితే ఆనవాలూ పారుతుంది. స్విట్జర్లాండులో గ్లాట్ నది మీద చూస్తే, పైనున్న సరస్సులో ఉండే ఒక నీటిపురుగు జాడ సుమారు 12 కిలోమీటర్ల దిగువన కూడా దొరికింది. చేపల బజారు కడిగిన నీళ్లు కాలవలో కలిస్తే, ఆ కాలవలో సముద్రపు వంజరం ఉందని పరీక్ష చెప్పినా చెప్పొచ్చు. దొరికిన సాక్ష్యాన్ని ఊరి సంగతి తెలిసినవాళ్లు నిదానంగా బేరీజు వేయాలి. చేపలు పట్టేవాళ్ల మాట ఇక్కడ చాలా విలువైనది. వల వదిలేసి నీళ్లే నమ్ముకోమని నేను అనను.

ఇక మన దగ్గరి కబురు. హైదరాబాదులో సీసీఎంబీ అనే పరిశోధన సంస్థకి చెందిన లాకోన్స్ అని ఒక కేంద్రం ఉంది. అక్కడి శాస్త్రవేత్తలు ఈ నీళ్ల పరీక్షతోనే తూర్పు కనుమల్లో ఒక చేప కోసం వెతికారు. అది అక్వేరియం షాపుల్లో అద్దానికి నోరు ఆనించి నాచు తింటూ ఉండే సక్కర్ చేప. ఒళ్లంతా పలకల్లాంటి గట్టి కవచం, ముళ్లు. పత్రికల్లో దెయ్యం చేప అని రాస్తుంటారు. పుట్టిల్లు దక్షిణ అమెరికా. వలలో పడితే వల చిరిగిపోతుంది. గట్టుల్లో బొరియలు తవ్వి గుడ్లు పెడుతుంది. నీళ్లు తగ్గినా గాలి పీల్చి బతుకుతుంది. వాళ్లు పరీక్షించిన నీటి వనరుల్లో 60 శాతం చోట్ల ఇది చేరిపోయిందని తేలింది.

ఇది చెప్పగానే మా మనవరాలు కాసేపు మాట్లాడలేదు. తర్వాత మెల్లిగా అంది: "తాతయ్యా, మా ఫ్లాట్‌లో అక్వేరియంలో ఉంది అదే. జానెడు దాటిపోయింది. తొట్టి చాలట్లేదు, చెరువులో వదిలేద్దాం అన్నాడు నాన్న."

ఆ రాత్రే వాళ్ల నాన్నకి ఫోన్ చేయించాను. చేప కొన్న షాపుకే తిరిగి వెళ్లింది.

మీ ఇళ్లలో కూడా ఆ చేప ఉండొచ్చు. కొన్నప్పుడు వేలెడంత ఉంటుంది, పెరిగితే మూరెడు అవుతుంది. జాలిపడి చెరువులోనో కాలవలోనో వదలకండి. షాపువాళ్లకి తిరిగి ఇచ్చేయండి. వాళ్లు తీసుకోనంటే ఇంకా పెద్ద తొట్టి కొని అందులోనే పెంచండి. చెరువులోకి మాత్రం వద్దు.